ఇంజనుకున్న హద్దు మనకేదీ?

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, ఆర్ట్స్ కళాశాల పరిసరాలలో వేకువనే ఎందరో వ్యాయామానికి వస్తారు. విద్యానగర్ నుంచి, తార్నాక నుంచి వచ్చేవారిలో కొందరు స్కూటరు దిగిన మరుక్షణమే పరుగు లంకించుకుంటారు. నలభై దాటినవారికి ఈ తొందర తగదని నా అభిప్రాయం. కారణం వివరించడానికి ఒక స్పోర్ట్స్ కారును ఉదాహరణగా తీసుకుంటాను.

2000లో వెలువడిన బి.ఎం.డబ్ల్యు. ఎం3 కారులో ఇంజను వేగాన్ని చూపే మీటరు చుట్టూ చిన్న దీపాలుంటాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అవి తక్కువ వేగం దగ్గరే హద్దు గీస్తాయి. ఆయిలు వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతూ హద్దును పైకి జరుపుతాయి. మరికొన్ని కార్లలో కంప్యూటరే ఇంజనును ఆ హద్దు దాటనివ్వదు. చల్లని ఆయిలు చిక్కగా ఉండి సన్నని సందులలోనికి త్వరగా చేరదు. లోహ భాగాలు వ్యాకోచించి తమ సరియైన కొలతకు రావడానికీ సమయం పడుతుంది. అంతవరకూ అతివేగం అరుగుదలకు దారి తీస్తుంది.

దేహం యంత్రం కాకపోయినా, ఇక్కడ పోలిక సరిపోతుంది. కదలిక మొదలైన తరువాతనే కీళ్ళలోని జిగురు ద్రవం పలుచబడుతుంది, కండరాలు వేడెక్కి సులువుగా సాగుతాయి, వాటికి రక్తప్రసరణ పెరుగుతుంది. గుండెకూ కొంత వ్యవధి కావాలి. 1973లో అమెరికాలో బర్నార్డ్, ఆయన సహచరులు ఆరోగ్యవంతులైన పురుషులను ట్రెడ్‌మిల్‌పై ఒక్కసారిగా వేగంగా పరుగెత్తించి ఇ.సి.జి. తీశారు. పలువురిలో గుండె కండరానికి రక్తం చాలడం లేదన్న సూచనలు కనిపించాయి. ముందుగా తేలిక వ్యాయామం చేయించినప్పుడు అవి చాలావరకు తగ్గాయి. తరువాతి పరిశోధనలన్నిటిలో ఈ తేడా ఇంత స్పష్టంగా కనబడలేదు. అయినా పది నిమిషాల ఓపికకు నష్టమేమీ లేదు.

కారు విషయంలో మరొక మెలకువ ఉంది. ఇంజను ఆన్ చేసి నిలబెట్టి ఉంచితే ఆయిలు త్వరగా వేడెక్కదు. నెమ్మదిగా నడిపితేనే వేడెక్కుతుంది. మనకూ అంతే. నిలబడి కాళ్ళు చాచినంత మాత్రాన దేహం సిద్ధం కాదు. మెల్లగా నడవాలి, క్రమంగా వేగం పెంచాలి. డిసెంబరు, జనవరి చలిలో మరికొంత సమయం ఇవ్వండి. ముగింపులోనూ హఠాత్తుగా ఆగవద్దు. రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరగవచ్చు.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, చాలాకాలంగా వ్యాయామం లేనివారు పరుగు ఆరంభించే ముందు వైద్యుని సంప్రదించండి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, అసాధారణమైన ఆయాసం కలిగితే వెంటనే ఆగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

కారుకు హద్దు తయారీదారు పెట్టాడు. మన ఛాతీపై అటువంటి దీపాలు లేవు గనుక, మొదటి పది నిమిషాల హద్దును మనమే పెట్టుకోవాలి.