ఎంపీసీయా, బైపీసీయా అని అడిగే ముందు



ఎనిమిదో తరగతి పేరెంట్స్ మీటింగ్‌లో మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "మా పాపకి ఎంపీసీ బాగుంటుందా, బైపీసీనా?" జవాబు చెప్పే ముందు మీకొక లంచ్ బాక్స్ కథ చెప్పాలి.

1968లో అమెరికా తూర్పు తీరం దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి మునిగిపోయింది. అందులోని ముగ్గురూ బయటపడ్డారు. వాళ్ల భోజనం మాత్రం సుమారు 1,500 మీటర్ల లోతుకు వెళ్లింది. దాదాపు పది నెలల తర్వాత పైకి తీస్తే శాండ్‌విచ్‌లు, యాపిల్ పండ్లు పెద్దగా పాడవలేదు. వాటినే ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని వారాల్లో కుళ్లిపోయాయి. అంటే కారణం చలి ఒక్కటే కాదు. ఆ లోతులో పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 150 రెట్లు. మీ ఇంట్లో కుక్కర్‌లో ఉండేది సుమారు రెండు రెట్లే!

అంత పీడనంలోనే హాయిగా పెరిగే బ్యాక్టీరియా కూడా ఉన్నాయని 1979లో తేలింది. వాటిని మందపాటి స్టీలు పాత్రల్లో పెంచేవారు. లోపలేం జరుగుతోందో కనబడదు. మూత తీస్తే పీడనం పోతుంది.

ఇప్పుడు ఫ్రాన్స్‌లోని బోర్డో వంటి చోట్ల చేతిలో ఇమిడే చిప్‌లు తయారవుతున్నాయి. సిలికాన్ పలకపై వెంట్రుకంత సన్నటి కాలువలు చెక్కి, పైన గాజు అతికిస్తారు. గాజు పగలదా? బలం అంటే పీడనం ఇంటూ వైశాల్యం. కాలువ సన్నం కాబట్టి గాజుపై పడే మొత్తం బలం తక్కువ. అందుకే 200 రెట్ల పీడనంలోనూ సూక్ష్మజీవులను మైక్రోస్కోప్‌తో చూడొచ్చు.

ఇది మనకు దూరపు సంగతేం కాదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున మంచులా గడ్డకట్టిన మీథేన్ నిల్వలున్నట్టు 2006 తవ్వకాల్లో బయటపడింది. ఆ మీథేన్ ఎక్కువగా సూక్ష్మజీవులు తయారుచేసిందే.

ఇంతకీ ఆ చిప్ ఎంపీసీ వాళ్లదా, బైపీసీ వాళ్లదా? ఫిజిక్స్ తెలియకపోతే అది పగిలిపోతుంది. బయాలజీ తెలియకపోతే అందులో చూడ్డానికి ఏమీ ఉండదు.

ఇంటర్‌లో ఏదో ఒక గ్రూపు తీసుకోక తప్పదు, ర్యాంకూ ముఖ్యమే. మేమూ కాదనం. కానీ ఆ నిర్ణయం పదో తరగతి తర్వాతిది. "నువ్వు ఎంపీసీయేగా, బయాలజీ పాసైతే చాలు" అని పదమూడేళ్ల బిడ్డతో అన్నామంటే ఒక తలుపు మనమే మూసేసినట్టు. "దీనికి లెక్కలు రావు" అన్నా అంతే.

ఈ ఆదివారం కుక్కర్ పెట్టినప్పుడు మీ బిడ్డను పక్కన నిలబెట్టుకోండి. లోపల పప్పు త్వరగా ఎందుకు ఉడుకుతుంది, సూక్ష్మజీవులు ఎందుకు చస్తాయి అని అడగండి. రెండు ప్రశ్నలూ అడగండి.

– సైన్స్ విభాగం