రెండు పటాలూ చూడాలి

1977 నవంబరులో దివిసీమను ముంచిన తుపాను తెలుగువారికి మరపురానిది. అయితే తుపాను సముద్రంపై రోజుల తరబడి బలపడి వస్తుంది. అమెరికా మైదానాల టోర్నడో పుట్టిన తరువాత మిగిలేవి నిమిషాలే. కనుక అది పుట్టగల పరిస్థితినే ముందుగా గుర్తించాలి.

ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరాన్ని 1948 మార్చి 20న టోర్నడో ధ్వంసం చేసింది. ఫాబుష్, మిల్లర్ అనే సైనిక వాతావరణ అధికారులు పాత పటాలను తిరగవేశారు. మార్చి 25 నాటి పటాలు 20వ తేదీ పటాలను పోలి ఉండటంతో టోర్నడో రావచ్చునని ప్రకటించారు. ఆ సాయంత్రమే అది మళ్ళీ అక్కడికే వచ్చింది! అందులో అదృష్టం పాలు లేకపోలేదు. కాని పటాలు చదవనివారికి ఆ అదృష్టమూ దక్కదు.

మెక్సికో సింధుశాఖ తేమ ఎందాక వచ్చిందో, తేమ గాలికీ పొడి గాలికీ సరిహద్దు ఎక్కడో ఉపరితల పటం చూపుతుంది. సుమారు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తున చలినీ, గాలి వేగాన్నీ 500 మిల్లీబారుల పటం చూపుతుంది. కింద తేమ, పైన చలి, ఎత్తుతోపాటు దిశ మారే బలమైన గాలి ఒకేచోట కలిసినప్పుడే ప్రమాదం. ఒక్క పటంతో ఇది తెలియదు.

ఈ పటాలను ప్రభుత్వ వాతావరణ సంస్థ ఉచితంగానే అందిస్తున్నది. డల్లాస్‌లోనో తల్సాలోనో ఉన్న తెలుగు కుటుంబాలు వసంతకాలపు ఉదయాలలో పిల్లలతో కూర్చుని వాటిని చూడటం అవసరం. సైరన్ మోగేసరికి ఏ గదిలోకి వెళ్ళాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉంటుంది.