లోక్‌పాల్ ఢిల్లీల, లంచం మన మండలంల

2011ల అన్నా హజారే రాంలీలా మైదాన్ల దీక్షకు కూసుంటే దేశమంత ఒక్కటే మాట: లోక్‌పాల్ రావాలె, లంచం పోవాలె. చట్టమైతే వచ్చింది, 2014 జనవరి 16 నుంచి అమలుల ఉన్నది. లంచం పోయిందా లేదా మీకే ఎరుక.

చట్టం వచ్చినంక ఐదేండ్లకు గాని మొదటి చైర్మన్ రాలె. 2019 మార్చిల జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ వచ్చిండ్రు. తర్వాత మన కాళేశ్వరం మీద విచారణ చేసిన కమిషన్ సారు గీయనే. 2022 మేల ఆయన దిగిపోయినంక దగ్గర దగ్గర రెండేండ్లు తాత్కాలిక చైర్మన్‌తోనే నడిచింది. 2024 మార్చిల జస్టిస్ ఖాన్విల్కర్ వచ్చిండ్రు. కోర్టుల కేసులు నడిపే సొంత విభాగం 2025ల గాని పెట్టుకోలె. గింత నిమ్మళంగ నడిచే బండిని చూసి లంచగొండి ఎట్ల భయపడ్తడు?

ఇంకో ముచ్చట గూడ ఉన్నది. లోక్‌పాల్ పరిధిల ప్రధానమంత్రి (కొన్ని మినహాయింపులతోని), కేంద్ర మంత్రులు, ఎంపీలు, కేంద్ర ఉద్యోగులు వస్తరు. మన తహసీల్దార్, పోలీస్ స్టేషన్, పంచాయతీ రారు. 2019-20ల లోక్‌పాల్‌కు 1,427 ఫిర్యాదులు పోతే, అండ్ల 613 రాష్ట్ర ఉద్యోగుల మీదనే. కేంద్ర మంత్రులు, ఎంపీల మీద పోయినయి నాలుగంటే నాలుగు. జనానికి తెలివి లేక కాదు. లంచం ఏడ తగుల్తదో ఆడి గురించే అడుగుతరు. పాస్‌బుక్ కోసం తిరిగే రైతుకు ఢిల్లీ మంత్రి ఎదురు పడడు గద!

మరి రాష్ట్రంల ఎవరు చూడాలె? ఏడాదిల ప్రతి రాష్ట్రం లోకాయుక్త పెట్టుకోవాలని ఆ చట్టమే చెప్పింది. గని దానికి ఎంత బలం ఇయ్యాలె అన్నది రాష్ట్రాలకే ఇడిసిపెట్టింది. మన లోకాయుక్తకు మూలం ఉమ్మడి రాష్ట్రంల 1983ల చేసిన చట్టం. విచారణ చేస్తది, సిఫారసు పంపుతది. శిక్ష ఏసే అధికారం దానికి లేదు. ఇగ మిగిలింది ఏసీబీ. అది సర్కారు చేతికిందనే పనిచేస్తది.

సీబీఐ ఉన్నది గద అంటరా? 2013ల సుప్రీంకోర్టే దాన్ని పంజరంల చిలుక అన్నది. 2022ల తెలంగాణ సర్కారు దానికిచ్చిన సాధారణ అనుమతిని ఎనక్కి తీసుకున్నది.

2018ల అవినీతి నిరోధక చట్టాన్ని మార్చిండ్రు. ఆ మార్పుతోని, అధికారి హోదాల తీసుకున్న నిర్ణయం మీద దర్యాప్తు చెయ్యాలంటే ముందుగాల సర్కారు అనుమతి కావాలె. లంచం తీసుకుంట అక్కడికక్కడ దొరికినోన్ని పట్టుకునేతందుకు మాత్రం అక్కెర లేదు. గందుకే ఐదువేలు తీసుకున్న గుమాస్తా ఫొటో పేపర్ల పడ్తది. కోట్ల ఫైలు మీద సంతకం పెట్టినాయన మీదికి పోవాలంటే మాత్రం ముందు పర్మిషన్ రావాలె. గుమాస్తాను ఇడవాలని కాదు, పెద్దోళ్లకు అడ్డుగోడ ఎందుకని అడుగుతున్న.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఇది మాత్రం యాదిల పెట్టుకోండ్రి. ఆ 2018 మార్పుతోని లంచం ఇచ్చినోడు సుత నేరస్తుడే. బలవంతంగ ఇయ్యాల్సొస్తే ఏడు రోజులల్ల పోలీసులకో, దర్యాప్తు సంస్థకో చెప్పాలె. ముందుగాల చెప్పి, వాళ్లు పన్నిన వలల భాగంగ ఇస్తే నేరం కాదు. "పని అయితె చాలు" అని ఇచ్చి ఊకుంటే రేపు మనమెడకే చుట్టుకుంటది.

రాష్ట్ర ఉద్యోగి అడిగితే ఏసీబీ టోల్ ఫ్రీ 1064కు కొట్టుండ్రి. కేంద్ర ఉద్యోగి, అంటే రైల్వే, పోస్టాఫీసు, పీఎఫ్ ఆఫీసు అసొంటి కాడ అయితే సీబీఐకి గాని, లోక్‌పాల్‌కు గాని పోవచ్చు. లోక్‌పాల్‌కు తెలుగుల రాసినా నడుస్తది. అఫిడవిట్ పెట్టాలె, ఏడేండ్ల లోపల ముచ్చట అయి ఉండాలె. కావాలని అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జుర్మానా ఉంటది. నిజమని నమ్మి రాసినోనికి గా భయం అక్కెర లేదు.

రేపు ఓట్లకు వచ్చే నాయకుణ్ణి "అవినీతి లేకుంట చేస్తవా" అని అడుగకుండ్రి, అందరు చేస్తమనే అంటరు. "లోకాయుక్తకు కేసు పెట్టే అధికారం ఇస్తవా? ఏసీబీని సర్కారు చేతికెళ్లి తీస్తవా?" అని అడుగుండ్రి. ఔనో కాదో అండ్లనే తేలిపోతది.