ఆటస్థలానికీ ఒక గీటురాయి

ఇటీవల మనుమలతో హైదరాబాదులోని ఒక క్రీడావినోద కేంద్రానికి వెళ్ళాను. లోపలి ఏ.సి. హాలులో చెవులు దద్దరిల్లే యంత్రాల హోరు. వెలుపల చెట్ల నీడన ఊయలలు, జారుడుబల్లలు. పిల్లలంతా లోపలే ఉన్నారు.

గురుకులంలో మేము వల్లించిన చరకసంహిత, శారీరస్థానం 8వ అధ్యాయంలో, పసివారి ఆటవస్తువులకు లక్షణాలు చెప్పబడినవి. అవి రంగురంగులుగా, ఇంపుగా, తేలికగా ఉండాలి, మోగాలి. మొనదేలినవి, నోటిలో పట్టేవి, భయపెట్టేవి కారాదు. ఆటస్థలానికీ ఇదే గీటురాయి అని నా అభిప్రాయం. మ్రోత పిల్లలకు ఇంపు, హోరు బెదురు.

కనుక తల్లిదండ్రులారా! ఎండ తగ్గాక ముందుగా ఆరుబయట ఆడించండి. మీరూ వారితో కలిసి ఆడండి. ఫలహారం ఆట ముగిసి, ఒడలు చల్లబడిన తరువాతనే. టిక్కెట్టు సొమ్ము గిట్టుబాటు కావాలని, అలసిన బిడ్డను మరల ఆటకు తరమకండి.