పెద్ద పదవికి బయోడేటా రాసేటప్పుడు

ఉద్యోగ దరఖాస్తుల గురించి అడిగేవారిలో ఎక్కువమంది అప్పుడే చదువు ముగించిన పిల్లలు. ఈ నెల వారికి కాదు, వారి అమ్మానాన్నల వయసు వారికి రాస్తున్నాం. పల్లెటూళ్లలో పుట్టి, నర్సుగానో, టీచరుగానో, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగానో చేరి, పాతికేళ్లలో మెట్టు మెట్టుగా పైకి వచ్చినవారు మన కుటుంబాల్లో చాలామందే ఉన్నారు. అటువంటివారు ఆసుపత్రి అడ్మినిస్ట్రేటరుగానో, కాలేజీ ప్రిన్సిపాలుగానో, కంపెనీ జనరల్ మేనేజరుగానో దరఖాస్తు పెట్టవలసి వచ్చినప్పుడు, ఇరవై రెండో ఏట రాసుకున్న బయోడేటానే బయటికి తీసి, దాని కింద నాలుగు వాక్యాలు చేరుస్తారు. చిక్కు అక్కడే వస్తుంది.

మొదటి ఉద్యోగానికి రాసే బయోడేటా ఏం చదివామో, ఏం చేయగలమో చెబుతుంది. పెద్ద పదవికి రాసేది సంఘ కోశాధికారి ఏడాది చివర చదివే లెక్క లాంటిది. ఆయన లేచి, ‘కోశాధికారి బాధ్యతలన్నీ నమ్మకంగా నిర్వర్తించాను’ అని చెప్పి కూర్చుంటే సంఘస్థులు ఊరుకుంటారా? నిరుటి నిల్వ ఎంత, ఈ ఏడు వచ్చినది ఎంత, దేనికి ఖర్చయింది, ఇప్పుడు చేతిలో ఎంత ఉంది, అన్నీ చదవాలి. పెద్ద పదవికి మనిషిని ఎంచుకునే కమిటీవారు వెతికేదీ ఇదే. ఆ పని మీ చేతికి వచ్చిన రోజున ఎలా ఉంది, మీరేం చేశారు, ఇప్పుడు ఎలా ఉంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మనిషినీ అంకెలనూ మేము ఊహించుకున్నాం. ఒక సిస్టరుగారు 1998లో స్టాఫ్ నర్సుగా చేరి, 2014లో 200 పడకల ఆసుపత్రికి నర్సింగ్ సూపరింటెండెంటు అయ్యారు. మరొక ఆసుపత్రికి అడ్మినిస్ట్రేటరు కావాలని ప్రకటన వచ్చింది. ఆమె ఇలా రాసుకున్నారు: ‘నర్సింగ్ విభాగపు పర్యవేక్షణ, డ్యూటీలు వేయుట, సిబ్బంది క్రమశిక్షణ, స్టాకు చూచుట.’ ఇందులో అబద్ధం లేదు. కాని ఏ ఆసుపత్రిలోని ఏ సూపరింటెండెంటైనా ఇదే రాయగలరు. ఈమె ఇన్నేళ్ల కష్టం ఆ మాటల్లో ఎక్కడా కనిపించదు.

ఆమెను కూర్చోబెట్టి అడగవలసినవి వేరే ఉన్నాయి. అమ్మా, మీ కింద ఎంతమంది పనిచేశారు? ఏడాదికి ఎంత డబ్బు మీ సంతకం మీద ఖర్చయింది? మీరు ఎవరికి జవాబు చెప్పేవారు? మీరు వచ్చాక ఏం మారింది? అప్పుడు తడుముకుంటూ ఒక్కొక్కటే బయటికి వస్తాయి. వాటిని పట్టుకుని ఇలా రాయవచ్చు: ‘2015లో 130 మంది నర్సులలో 36 మంది మానివేశారు. కారణాలు విచారించి రాత్రి డ్యూటీల వరుస మార్చాను. హాస్టలు మరమ్మతుకు బోర్డు అనుమతి తెచ్చాను. 2018లో మానివేసినవారు 14 మంది.’ ఇది చదివిన కమిటీవారికి ఆమెను చూడకముందే ఆమె పని తీరు తెలుస్తుంది. అంకెలు జ్ఞాపకం మీద రాయకూడదు. హాజరు పట్టీల నుండి, వార్షిక నివేదికల నుండి తీయాలి. అలాగని రోగుల పేర్లు, సంస్థ రహస్య కాగితాలు బయటికి తేవడం తగదు.

చాలామంది తాము చేసిన పెద్ద పనిని చిన్న పేరుతో పిలుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది, 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. అప్పటి నుండి ఆసుపత్రి నడపడమంటే వైద్యం ఒక్కటే కాదని అందరికీ అర్థమైంది. ముందస్తు అనుమతి, కేస్‌షీటు, పరీక్షల రిపోర్టులు, డిశ్చార్జి కాగితం, వీటిలో ఏది తగ్గినా బిల్లు ఆగుతుంది. కేస్‌షీట్లు సరిగా నింపే పద్ధతి పెట్టి, వెనక్కి వచ్చే బిల్లులు తగ్గించిన సిస్టరుగారు తాను ‘నర్సింగ్ పని’ చేశాననుకుంటారు. అది ఆసుపత్రి ఆదాయాన్ని కాపాడిన పని. అడ్మినిస్ట్రేటరు పదవికి మొదటి పేజీలోనే ఉండాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు వచ్చినప్పుడు వార్డు వార్డుకూ తిరిగి ఆయాలకు, వార్డుబాయిలకు చెత్త వేరుచేయడం నేర్పించి ఉంటే, తనిఖీకి వచ్చినవారు తప్పు పట్టకుండా నిలబెట్టి ఉంటే, అదీ అంతే. ఇంజెక్షను బాగా చేస్తారన్నది ఇప్పుడు ఎవరూ అడగరు. మొదటి పదేళ్ల ఉద్యోగాలకు తలా ఒక వరుస చాలు.

ఏది పైన రాయాలి, ఏది కింద అన్నదానికి పాత కథ ఒకటుంది. మన ఇళ్ల గోడల మీద ప్రభువు శిష్యులతో బల్ల దగ్గర కూర్చున్న కడరాత్రి భోజనపు పటం చూస్తుంటాం. ఆ చిత్రం మూలాన్ని ఇటలీలోని మిలాను నగరంలో ఒక మఠపు భోజనశాల గోడ మీద గీసినవాడు లియొనార్డో డావిన్చి. దానికి పదేళ్లకు పైగా ముందు, సుమారు 1482లో, ఆయన మిలాను పాలకుడు లుడోవికో స్ఫోర్జా కొలువు కోరుతూ ఒక లేఖ తయారుచేశాడు. అందులో ఏముందనుకున్నారు? తేలికగా మోసుకుపోగల వంతెనలు, ఫిరంగులు, కోటలు పడగొట్టే ఉపాయాలు. పాలకుడికి అప్పుడు యుద్ధభయం ఉంది మరి. భవనాలు, శిల్పాలు, బొమ్మలు కూడా చేయగలనన్న మాట చిట్టచివర వస్తుంది. అంతటి చిత్రకారుడు తనకు ఇష్టమైనదాన్ని ముందు పెట్టలేదు, ఎదుటివాడి అవసరాన్ని ముందు పెట్టాడు. ఆ లేఖ చిత్తుప్రతి నేటికీ మిలానులో ఉంది. ఆ దస్తూరి ఆయనది కాదంటారు, ఇంకొకరి చేత రాయించి ఉంటాడు. ఇంగ్లీషు బాగా రాదని వెనుకాడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. మీ పని కథ ముందు తెలుగులో చెప్పండి, ఇంట్లో చదువుకున్న పిల్లల చేత రాయించండి, తరువాత ఇంగ్లీషులో పెట్టించండి.

మనవారికి అడ్డుపడే మరొక సంగతి, చిన్నప్పటి పెంపకం. గొప్పలు చెప్పుకోవద్దని మన ఇళ్లలో నేర్పుతారు. అందుకే ‘నేను చేశాను’ అని రాయడానికి చేయి రాదు. ‘అందరి సహకారంతో జరిగింది’ అని రాసి ఊరుకుంటారు. ఈ అణకువ అంటే మాకు గౌరవమే. ఈ పత్రికలో ‘మేము’ అని రాసుకునే మాకు ఆ ఇబ్బంది తెలియనిది కాదు. అయితే కమిటీవారు ఎంచుకోవలసింది ‘అందరినీ’ కాదు, ఒక్క మనిషిని. ఆ మనిషి వంతు ఏమిటో తెలియకపోతే, పక్కవాడు గట్టిగా చెప్పుకున్నదే నిలుస్తుంది. దీనికి దారి ఉంది. ఆలోచన ఎవరిది, అనుమతి ఇచ్చింది ఎవరు, చేతులతో చేసింది ఎవరు అన్నది విడదీసి రాయాలి. ‘డ్యూటీల వరుస నేను తయారుచేశాను, డైరెక్టరుగారు ఆమోదించారు, ఆరుగురు వార్డు ఇన్‌ఛార్జిలు అమలుచేశారు’ అంటే ఎవరి వాటా వారికి దక్కింది. చదివేవారికీ నమ్మకం కలుగుతుంది.

కొందరు దీనికి అవతలి ఒడ్డున ఉంటారు. లేని డిగ్రీ చేర్చడం, ఆరు నెలల ఇన్‌ఛార్జి పదవిని మూడేళ్లు చేయడం. పదవి పెద్దదయ్యేకొద్దీ ఇది బయటపడే అవకాశమూ పెద్దదే. అమెరికాలో రేడియోషాక్ కంపెనీకి అధిపతిగా ఉన్న డేవిడ్ ఎడ్మండ్‌సన్ ఒక బాప్టిస్టు కాలేజీ డిగ్రీలు తనకున్నట్టు రాసుకున్నాడు. ఆ డిగ్రీల జాడ లేదని ఒక వార్తాపత్రిక బయటపెట్టాక 2006 ఫిబ్రవరిలో రాజీనామా చేశాడు. 2012లో యాహూ కంపెనీ అధిపతి స్కాట్ థాంప్సన్‌ది ఇంకా చిన్న సంగతి. అకౌంటింగు డిగ్రీ నిజంగానే ఉంది, దాని పక్కన కంప్యూటర్ సైన్సు అన్న మాట చేరింది. చేరిన అయిదు నెలలైనా నిండకముందే దిగిపోవలసి వచ్చింది.

నష్టం వచ్చిన ఏడాదిని ఏం చేయాలి? దాచవద్దు. 2020, 2021 కరోనా కాలంలో ఎన్నో ఆసుపత్రులు, కాలేజీలు తలకిందులయ్యాయి. ‘ఆ ఏడాది సగం పడకలు ఖాళీగా ఉన్నాయి, ఎవరినీ ఉద్యోగం నుండి తీసివేయకుండా ఈ ఈ ఖర్చులు తగ్గించాం’ అని రాయగలిగితే, లాభం వచ్చిన ఏడాది కంటే అదే ఎక్కువ చెబుతుంది. అత్తగారి జబ్బు కోసమో, పిల్లల కోసమో రెండేళ్లు ఇంట్లో ఉండి ఉంటే ఒక్క వాక్యంలో రాసి ముందుకు సాగండి. సంవత్సరాల మధ్య ఖాళీ వదిలితే చదివేవారు దాన్ని ఇంకేదో ఊహతో నింపుకుంటారు.

మిగిలినవి చిన్న సంగతులు. రెండు పేజీలు చాలు, మరీ అయితే మూడు. ఇప్పటి ఉద్యోగం ముందు, పాతవి తరువాత. పేరు కింద మూడు నాలుగు వరుసల్లో మీరెవరో చెప్పాలి. తండ్రి పేరు, కులం, ఎత్తు, బరువు, చివర ‘పై వివరములన్నియు సత్యమని’ అనే ధ్రువీకరణ ప్రైవేటు సంస్థలకు అవసరం లేదు. ప్రభుత్వంవారు గాని మరే సంస్థవారు గాని సొంత ఫారం ఇస్తే దానిలో అడిగినవన్నీ అడిగినట్టే నింపాలి. సంఘాలు నడిపే సంస్థలు పాస్టరుగారి పత్రం కోరితే విడిగా జతచేయండి, బయోడేటాలో కలపవద్దు. పెద్ద కంపెనీలలో దరఖాస్తును మొదట కంప్యూటరు జల్లెడ పడుతుంది. ప్రకటనలో వాడిన మాటలే, మీరు నిజంగా చేసిన పనికి తగినంతవరకు, మీరూ వాడండి. గడులు, బొమ్మలు, పూల అంచులు పెడితే కంప్యూటరు సరిగా చదవలేకపోవచ్చు.

చివరి పని, మీ గురించి చెప్పగలవారి పేర్లు. ముందుగా వారిని అడగండి, బయోడేటా ప్రతి ఒకటి వారికి పంపండి. మీరు 36 నుండి 14కు తగ్గిందని రాసి, వారు ఫోనులో ‘ఏమోనండీ, గుర్తులేదు’ అంటే అంతా చెడుతుంది. ఇప్పటి సంస్థలో ఇంకా చెప్పకుండా దరఖాస్తు పెడుతుంటే, ఎంపిక చివరికి వచ్చినప్పుడు పేర్లు ఇస్తానని రాయవచ్చు. దానికి ఎవరూ తప్పు పట్టరు.