అద్దకపు పొయ్యికి ఏ ఉక్కు?

షోలాపురంలోనైనా, సేలంలోనైనా మన సంఘముల అద్దకపుశాలలకు సామాను కొనేటప్పుడు గంగాళమును పదిమంది పరీక్షిస్తారు. దాని క్రింది పొయ్యి ఊచలను అడిగేవారుండరు. ఊచలు వంగి కూలిననాడు నిప్పు ఆగుతుంది, నూలు ఆగుతుంది, మగ్గము ఆగుతుంది. కూలి పోయేది నేతగానికి. కనుక ఈ బేరమును అంగడివానికి వదలరాదని నా అభిప్రాయము.

మూతలేని గంగాళములో నీరు 100 డిగ్రీలకు మించి కాగదు. అక్కడ శత్రువు వేడి కాదు, ఉప్పు, ఆమ్లము. దానికి 304 రకము, ఉప్పు హెచ్చుగా పడే రంగులకు మాలిబ్డినము కలిసిన 316 రకము తగినవి.

ఊచల సంగతి వేరు. సుమారు 550 డిగ్రీలు దాటితే మామూలు ఉక్కు పెచ్చులుగా రాలుతుంది, బరువుకు సాగి వంగుతుంది. క్రోమియము హెచ్చినకొద్దీ పైన గట్టి పొర ఏర్పడి లోహమును కాపాడుతుంది. నూటికి 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు గల 304 సుమారు 870 డిగ్రీల వరకు, 25 పాళ్లు, 20 పాళ్లు గల 310 వెయ్యి డిగ్రీలు దాటినా నిలుస్తవి.

అట్లని అందరూ 310 కొనవలెనని కాదు. నికెలు ఖరీదైనది, పైగా గంధకము గల బొగ్గుపొగకు అది త్వరగా చెడుతుంది. నికెలు లేని 430 ఆ పొగకు మేలు, కాని ఎర్రగా కాగినప్పుడు బరువు మోయలేదు. చిన్న కట్టెల పొయ్యికి మందపాటి పోత ఇనుప ఊచలే చాలును. ఒక జత అదనముగా ఉంచుకొని, కాగిన ఊచలపై నీళ్లు చల్లకుండిన సరి.

అయస్కాంతము అంటకపోతే మంచి ఉక్కేనని మనలో ఒక నమ్మకమున్నది. అది చాలదు. నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన 200 తరగతి చవక ఉక్కుకూ అయస్కాంతము అంటదు. 304 అని చెప్పి దానిని అమ్మితే కంటితో పోల్చలేము.

కాబట్టి పాలకవర్గములు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవలెను: వేడి ఎంత, పొగ ఏది, బరువెంత? పిమ్మట పాళ్లు చూపే పరీక్షాపత్రము లేనిదే బిల్లు చెల్లించరాదు. సంఘపు సొమ్ము నేతగాని చెమట. దానిని అంగడివాని మాటపై పొయ్యిలో పోయరాదు.