పెళ్ళి చేసి చూడు, తీయించి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అన్నవారెవరో గాని, చేసిన పెళ్ళిని మళ్ళీ తీరిగ్గా కూర్చుని చూడవలసిన రోజు వస్తుందని ఊహించి వుండరు.

మా అమ్మాయి పెళ్ళి మాఘమాసంలో. మంటపం కుదిరింది, వంటవాళ్ళు కుదిరారు, పురోహితుడుగారు ముహూర్తం పెట్టేశారు. కుదరనిదల్లా వీడియో ఒక్కటే. అల్లుణ్ణి వెతికేటప్పుడైనా మా ఇంట్లో ఇంత తర్జనభర్జన జరగలేదు సుమండీ!

మొన్న ఆదివారం వీడియో కుర్రవాడు చంకలో కంప్యూటరు పెట్టుకుని వచ్చాడు. కాఫీ తాగి, "మీకే స్టయిలు కావాలండీ?" అన్నాడు.

"పెళ్ళికి స్టయిలేమిటి నాయనా, మాది వైదిక పద్ధతి" అన్నాను.

అతను నా అజ్ఞానానికి జాలిపడి, మూడు రకాలు చూపించాడు. మొదటిది సంప్రదాయం. గణపతిపూజ దగ్గర్నుంచి అప్పగింతల వరకు ఏ తంతూ విడిచిపెట్టకుండా, వరసగా మూడేసి గంటలు తీసేది. రెండోది సినిమాటిక్. పెళ్ళంతా కలిపి పదిహేను నిమిషాలు. వధువు జడ విసిరితే అది అటు నుంచి ఇటు రావడానికి అర నిమిషం పడుతుంది. మూడోది డాక్యుమెంటరీ. ఎవర్నీ ఇటు చూడండనీ, నవ్వండనీ అనకుండా ఓ మూల నిలబడి, జరిగింది జరిగినట్టు, అన్నది అన్నట్టు పట్టుకునేది.

"మొదటిదే!" అంది మా ఆవిడ. "వచ్చిన వాళ్ళందరూ పడాలి. భోజనాల బంతి పడాలి. చదివింపులు ఎవరేమిచ్చారో పడాలి. మా పెద్దక్క పడకపోతే మళ్ళీ మనింటి గడప తొక్కదు."

"రెండోదే!" అంది మా అమ్మాయి. "మూడు గంటలు ఎవరు చూస్తారమ్మా? పెళ్ళికొడుకైనా చూడడు."

ఇద్దరి మాటా న్యాయంగానే వుంది. అంచేత ఇద్దరూ నాకేసి చూశారు. ఇంట్లో ఇద్దరి మాటా న్యాయంగా వున్నప్పుడు మొగవాడికి పట్టే గతి పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

నేనిక వీడియో కుర్రవాణ్ణి పట్టుకున్నాను. "ఈ రెండో రకంలో తలంబ్రాలు ముత్యాలవానలా నెమ్మదిగా రాలుతున్నాయి గదా, అదెట్లా?" అని అడిగాను. విషయం ఇదీ. మన దేశపు వీడియో పద్ధతిలో సెకనుకి 25 బొమ్మలు చూపిస్తారు. తీసేటప్పుడు మాత్రం సెకనుకి 100 బొమ్మలు తీసి, చూపేటప్పుడు 25 చొప్పున వదిలితే, సెకనులో జరిగింది నాలుగు సెకన్లు సాగుతుంది.

"మరి మాటో?"

"మాట పనికిరాదండీ. మనిషి నాలుగు రెట్లు నెమ్మదిగా మాట్లాడితే ఎల్లా వుంటుంది? అందుకే పాట వేస్తాం."

ఈ ముక్క విని నా గుండె కలుక్కుమంది. కారణం మా బీరువాలో వుంది.

1991లో మా చెల్లెలి పెళ్ళయింది. వీహెచ్ఎస్ కాసెట్లు జపానులో 1976లోనే వచ్చినా, మా వీధిలో వీడియో తీయించిన మొదటి పెళ్ళి అదే. కెమేరా ఆయన వెనక దీపం పట్టుకుని ఓ కుర్రాడు, వాడి వెనక వైరు పట్టుకుని ఇంకో కుర్రాడు. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి ఈ ముగ్గురి వీపులు తప్ప చుట్టాలకేమీ కనపడలేదు. నెల్లాళ్ళ తరవాత కాసెట్ వచ్చింది. మల్లెపువ్వు విచ్చుకుంటే అందులోంచి మా చెల్లెలు, హృదయం ఆకారంలోంచి మా బావ. వీధి వీధంతా వచ్చి చూశారు.

అప్పగింతల ఘట్టంలో మా నాన్నగారు చెల్లెలి తల నిమురుతూ ఏదో అంటారు. రెండు మూడు మాటలు కావు, చాలాసేపు అంటారు. పెదవులు కదులుతూంటాయి. చెల్లెలు తల వూపుతూంటుంది. వినపడేది మాత్రం సినిమా పాట. ఆ రోజుల్లో మాకదే గొప్పగా వుంది.

1996లో నాన్నగారు పోయారు. ఆయన కదులుతూ కనిపించేది లోకంలో ఆ కాసెట్ ఒక్కటే. ఆయన గొంతు ఎక్కడా లేదు. మా చెల్లెలు ఎప్పుడొచ్చినా, "అన్నయ్యా, ఆవేళ నాన్న నాతో ఏమన్నాడో నీకేమైనా గుర్తుందా?" అని అడుగుతుంది. ఏడుపులో తనకేమీ వినపడలేదట. నేను బస్సులో సామాన్లు ఎక్కిస్తున్నాను. పాట లేని అసలు టేపు కోసం వెళితే, దానిమీద అప్పటికే ఇంకెవరిదో పెళ్ళి తీసేశారు.

2016లో జపానులో వీహెచ్ఎస్ యంత్రాలు చేసే చివరి కంపెనీ కూడా ఆ పని మానేసిందని చదివి, భయపడి ఆ కాసెట్‌ను డిస్కులోకి మార్పించాను. బొమ్మ దక్కింది. మాట ముందే పోయింది గదా!

వీడియో కుర్రవాడు వెళ్ళాక ఆ డిస్కు తీసి మా అమ్మాయికి చూపించాను. పువ్వులోంచి మేనత్త రాగానే విరగబడి నవ్వింది. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి నవ్వాపి దగ్గరగా జరిగింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. "తాతయ్య ఏమంటున్నాడు నాన్నా?" అంది. మళ్ళీ తిప్పింది. పెదవుల కదలిక బట్టి చదవాలని కాబోలు. ఒక్క 'అమ్మా' అన్నమాట తప్ప ఏదీ అందలేదు.

మర్నాడు తనే ఆ కుర్రవాడికి ఫోన్ చేసింది. "మైకులు ఎందరికి పెడతారు?" అన్నది మొదటి ప్రశ్న.

చివరికి మా ఒడంబడిక ఇల్లా కుదిరింది. పెళ్ళివారందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. తంతులన్నీ మొదటి రకంలో వరసగా తీస్తారు. అది మా ఆవిడ వాటా. అందులోంచే పది నిమిషాల సినిమాటిక్ ముక్క చేసి ఇస్తారు. అది అమ్మాయి వాటా. దానికి పాట వేసుకోవచ్చు గాని, సుముహూర్తం, అప్పగింతలు మాత్రం మామూలు వేగంతోనే, పాట లేకుండా వుంచాలి. పురోహితుడికొకటి, పెళ్ళికొడుకుకొకటి, నాకొకటి చొక్కాకి తగిలించే చిన్న మైకులు. డోలు సన్నాయి దగ్గర పెట్టిన కెమేరాకి మనుషుల మాట వినపడదు గదా! "పంతులుగారూ, ఒక్క నిమిషం" అని ముహూర్తాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు. తాళి రెండోసారి కట్టించకూడదు.

ఆఖరి షరతు ముఖ్యమైనది. తీసినదంతా, కత్తిరించకముందు వున్నది వున్నట్టుగా మాకివ్వాలి. మంచి రకం బొమ్మ సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకి 45 గిగాబైట్లవుతుందట. మూడు కెమేరాలు ఆరు గంటలు తిరిగితే 810. ఒక టెరాబైటు డిస్కులో పడుతుంది. అల్లాంటివి రెండు కొన్నాను. ఒకటి మా ఇంట్లో, రెండోది మా చెల్లెలింట్లో వుంటాయి. ఒకచోటే వుంటే ఏమవుతుందో మాకు తెలుసు.

డ్రోన్ మాత్రం వద్దన్నాను. 2021 నాటి నిబంధనల ప్రకారం ఎర్ర మండలం, పసుపు మండలం అంటూ కొన్ని చోట్ల అనుమతి లేనిదే ఎగరెయ్యకూడదట. ఆ మాట అల్లా వుంచి, నెత్తిమీద తుమ్మెదలా రొద చేస్తూంటే మైకులు పెట్టి లాభమేమిటి?

అంతా కుదిరింది గాని, నాకో కొత్త చిక్కు వచ్చిపడింది. అప్పగింతల వేళ నా చొక్కాకి మైకుంటుంది. ముప్ఫై నలభై ఏళ్ళ తరవాత ఎవరు వింటారో తెలియదు. ఏం మాట్లాడాలా అని రెండు రాత్రులు ఆలోచించి, కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని మా ఆవిడకి చదివి వినిపించాను.

"ఇంతా రాశారు గాని, ఆ వేళకి మీరేమీ మాట్లాడలేరు. ఏడుస్తారు" అంది.

సరే, అదయినా వినపడుతుంది గదా!